దారిలో దిగేవాళ్ళే లేరు

ఆదివారం వస్తే చాలు, అరసవల్లి వీధిలో నిలబడటానికి చోటు దొరకదు. రథసప్తమి సంగతి చెప్పనే అక్కర్లేదు. ముందురోజు పొద్దుపోయిన దగ్గర్నుంచీ క్షీరాభిషేకం కోసం వరసలు కడతారు. 2025లో ఆ వేడుకను రాష్ట్ర పండుగ చేశారు, ఆకాశంలో హెలికాప్టరు కూడా తిప్పారు. సూర్యనారాయణ స్వామికి ఎంత చేసినా తక్కువే. మార్చిలో, అక్టోబరులో లేత ఎండ లోపలిదాకా వచ్చి మూలవిరాట్టు పాదాలు తాకే ఆ కొద్దిరోజులూ నేనూ ఆ వరసలో నిలబడ్డవాడినే. నా గోడు జనం వస్తున్నారని కాదు. వచ్చినవాళ్ళు ఆ ఒక్కటీ చూసి శ్రీకాకుళం జిల్లా అంతా చూసేశామనుకుని వెళ్ళిపోతున్నారని.

విశాఖపట్నంలో తెల్లవారుజామున కారెక్కుతారు. అరసవల్లిలో దర్శనం, శ్రీకూర్మంలో తాబేళ్ళ దగ్గర ఫోటో, ఓపికుంటే శ్రీముఖలింగం, చీకటిపడేసరికి మళ్ళీ ఇల్లు. మరికొందరు హైవే ఎక్కి మా టెక్కలినీ పలాసనీ ఇచ్ఛాపురాన్నీ దాటేసి, పూరీలో గాని బండి ఆపరు. వచ్చేటప్పుడు పలాసలో ఆగి జీడిపప్పు కొంటారు. అంతటితో మా ఉద్దానం ప్రాంతం వాళ్ళ లెక్కలో ముగిసిపోతుంది.

నేను మూలపేటలో పుట్టినవాడిని. టెక్కలి చుట్టుపక్కల బళ్ళలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా రోజుల్లో యాత్ర ఇలా ఉండేది కాదు. అరసవల్లి వెళ్ళాలంటే మా ఇంట్లో వారం ముందు నుంచీ మాటలు నడిచేవి. మూలపేట నుంచి నౌపడ దాకా ఎడ్లబండి. ఉప్పుమడుల మధ్య గట్టు మీద ఆ బండి పోతుంటే రెండు పక్కలా తెల్లటి కుప్పలు. నౌపడ స్టేషన్లో పాసింజరు కోసం గంటలకొద్దీ కూర్చోవాలి. ఆ కూర్చోవడంలోనే లోకం తెలిసేది. ఆముదాలవలసలో దిగి శ్రీకాకుళం పోయేదాకా దారిలో తగిలిన ప్రతి గుడికీ దణ్ణం, ప్రతి చెరువుకీ ఒక కథ. చెప్పడానికి పక్కన ఎవరో ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఇప్పుడు కారులో అద్దాలు ఎత్తేసి, ఫోన్లో దారి చెప్పే గొంతు వింటూ పోతారు. ఆ గొంతుకి ఎడమా కుడీ తప్ప ఏం తెలుసు?

నౌపడ అంటే ఇప్పటి పిల్లలకు రైలు ఆగకుండా పోయే ఒక పేరు. మాకు అది జంక్షను. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు వేయించారు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. 1931 నాటికి ఆ లైను గుణుపురం దాకా పోయింది. మెయిన్ లైన్ పాసింజరు వచ్చేదాకా చిన్నరైలు ప్లాట్‌ఫారం పక్కన పొగ వదులుతూ కాసుకునేది. అటు నుంచి జనం గంపలతో పరుగెత్తుకొచ్చి ఇందులో ఎక్కేవారు. ఎండుచేపల గంపలు, ఉప్పు మూటలు, పనసకాయలు, కోడిపెట్టలు, పెళ్ళివారు, సవర ఆడవాళ్ళు, పరీక్షకు పోయే కుర్రాళ్ళు అంతా ఒకే పెట్టెలో. టెక్కలి, టెంబూరు, పాతపట్నం దాటుతుంటే ఒకవైపు కొండల వరస మన వెంటే వచ్చేది. బండి ఎంత నెమ్మదిగా పోయేదంటే కిటికీ పక్కన కూర్చున్నవాడు పొలంలో పనిచేస్తున్న తన చుట్టాన్ని పేరు పెట్టి పిలిచి కబురు చెప్పేవాడు. 2004లో ఆ రైలు ఆపేశారు. పట్టాలు పీకి పెద్ద లైను వేశారు, మంచిదే, ఇప్పుడు పెద్ద బండ్లు పోతున్నాయి. కానీ నూరేళ్ళు నడిచిన ఆ చిన్నరైలు ఇంజనొకటి, పెట్టె ఒకటి నౌపడ స్టేషన్ ముందు నిలబెట్టి, ఇదీ కథ అని నాలుగు ముక్కలు రాసిపెడితే ఎంతమంది ఆగి చూసేవారు! డార్జిలింగ్ బొమ్మరైలు ఎక్కడానికి ఇక్కడి నుంచి బెంగాలు పోతారు. మన ఊరి గుండా అలాంటి బండే పోయేదని వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు.

శ్రీముఖలింగం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడికి వెళ్ళినవాళ్ళు కూడా సగమే చూసి వస్తున్నారు. మా రోజుల్లో తిలారు స్టేషన్లో దిగి, బండి కట్టించుకుని వంశధార ఒడ్డుకి పోయేవాళ్ళం. ఇప్పుడు కారు తిన్నగా మధుకేశ్వరుడి గుడి ముందు ఆగుతుంది. దర్శనం, కొబ్బరికాయ, ప్రదక్షిణం, మళ్ళీ కారు. ఊళ్ళోకి వస్తూంటే మొదట కనపడే సోమేశ్వరుడి గుడి దగ్గర ఒక్కడు దిగడు. ముందు మండపం లేకుండా ఒంటి శిఖరంతో నిలబడి ఉంటుంది. మొత్తం రాయే. ఆ గోడల మీద బొమ్మలు చూడటానికి ఒక పూట చాలదు. నేను బడిపిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ముందు అక్కడే కూర్చోబెట్టేవాడిని. ఒక్కొక్కడికీ ఒక్కో బొమ్మ అప్పగించి, దాన్ని చూసి పలకమీద గీయమనేవాడిని. గీసినవాడు మర్చిపోడు. ఫోటో తీసినవాడు మర్చిపోతాడు. భీమేశ్వరుడి గుడి ఉందని చాలామందికి తెలియనే తెలియదు.

మధుకేశ్వరుడి గర్భగుడిలో లింగం వెనకాల ఒక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. ఒక కుమ్మరి మొక్కుకుని ఇచ్చాడంటారు. గుమ్మం కన్నా పెద్దదైన ఆ గోలెం లోపలికి ఎలా వచ్చిందని మా అమ్మ ప్రతిసారీ అడిగేది, పూజారి ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టు ఆ కథ మొత్తం చెప్పేవాడు. రాజుల కానుకలకు లేని చోటు, స్వామి వీపు వెనకాల, ఒక కుమ్మరి చేతిపనికి దక్కింది. ఆ సంగతి ఇవాళ్టి యాత్రికులకు చెప్పే తీరిక పూజారికీ లేదు, వినే తీరిక వాళ్ళకీ లేదు. వెనక వరస తోస్తుంటుంది.

ఆ ఊరు ఒకప్పటి కళింగనగరం. తూర్పు గాంగుల రాజధాని. పూరీలో జగన్నాథుడి గుడి కట్టడానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగు ఈ గడ్డ మీద నుంచి ఏలినవాడు, రాజధానిని కటకానికి మార్చింది ఆ తర్వాతే. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడూ ఆ వంశంలోని వాడే. ఏటా పూరీకి, కోణార్క్‌కి పోయే మన తెలుగువాళ్ళలో ఎందరికి తెలుసు, ఆ గుళ్ళు కట్టినవారి పుట్టిల్లు మన జలుమూరు మండలంలో ఉందని? పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ పక్కనే, వంశధార ఒడ్డున, పర్వతాలపేట. 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన ఊరు. ఏటా ఆ తారీఖున రాష్ట్రమంతా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటారు. సభలు, శాలువాలు, ఉపన్యాసాలు. ఆ ఊరికి వెళ్ళి కాసేపు ఆ ఏటి ఒడ్డున నిలబడాలని ఎవరికీ తోచదు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. ముఖలింగం గుడి రాళ్ళ మీది శాసనాలు చదవడం తనంతట తనే నేర్చుకున్నారు. కళింగనగరం ఇదేనని రాశారు. సవర వాళ్ళను ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు చేశారు. 1919లో శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాల్ని లోకానికి చెప్పిందీ ఆయనే. ఇవన్నీ చేసిన మనిషికి కారు లేదు. మా తరం పంతుళ్ళకు ఆయన దేవుడితో సమానం. ఊరు చూడటమంటే ఏమిటో ఆయన్ని చూసి నేర్చుకున్నాం.

శాలిహుండం గురించి ఆగి చెప్పాలి. గార మండలంలో, కళింగపట్నం వెళ్ళే వైపు, వంశధార పక్కన చిన్న కొండ. అరసవల్లి నుంచి కారులో గంట కూడా పట్టదు. మెట్లెక్కి పైకి పోతుంటే ఒక్కో మలుపులో ఒక్కో ఇటుక దిబ్బ. స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు. పైన పెద్ద స్తూపం అడుగు బండిచక్రం ఆకారంలో ఉంటుంది, నడుమ నుంచి ఆకులు చీలినట్టు ఇటుక గోడలు. దానికి తగ్గట్టు ఒక్కో ఇటుకనూ కొలిచి చేశారు. కింద మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలు ఉన్నాయి. పైన నిలబడితే ఒకవైపు ఏరు, దూరంగా సముద్రం. ఇక్కడి నుంచి కళింగపట్నం రేవుకి పోయి, ఓడలెక్కి, సముద్రం దాటి వెళ్ళినవాళ్ళున్నారు. ఆ కొండ మీద నేను ఎప్పుడు వెళ్ళినా మేకలు కాసే పిల్లలూ, ఒక కాపలా మనిషీ తప్ప ఎవరూ కనపడరు. అరసవల్లి వరసలో అప్పటికి వేలమంది ఉంటారు. అందులో నూటికి ఒక్కరు ఇటు వచ్చినా ఆ కొండకు మర్యాద దక్కును.

సరుబుజ్జిలి మండలంలో దంతపురి మట్టికోట ఉంది. దంతవక్త్రుని కోట అంటారు మా వైపు. బుద్ధుడి దంతం కళింగంలోని దంతపురంలో ఉండేదని, ఇక్కడి రాజకుమార్తె హేమమాల దాన్ని జడలో దాచుకుని సింహళం తీసుకుపోయిందని బౌద్ధుల గాథ. ఆ దంతాన్ని చూడటానికి ఇప్పుడు జనం విమానమెక్కి శ్రీలంకలో కాండీకి పోతారు. దంతపురం పూరీయేనని వాదించే చరిత్రకారులూ ఉన్నారు, కాదనను. కానీ మన కోటను మనం చూసి వాదిస్తే బాగుంటుంది. ఆ గట్టు మీద పంటలు వేసుకుంటున్నారు. పిల్లలు ఆడుకుంటుంటే మట్టిపెంకులు దొరుకుతాయి.

ఇక మా టెక్కలి వైపు రండి. రావివలస ఎండల మల్లికార్జునుడు. లింగం మీద కప్పు లేదు. ఎండా వానా అన్నీ స్వామి మీదే. రామరావణ యుద్ధం అయ్యాక వైద్యుడు సుషేణుడు ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం. ఒకప్పుడు టెక్కలి జమీందారు గుడి కట్టించబోతే స్వామి కలలో కనపడి, తన మీద పడిన ఎండా గాలీ జనానికి ఆరోగ్యమని చెప్పాడట. అందుకే గోడలున్నాయి గాని పైకప్పు లేదు. మా చిన్నప్పుడు కార్తీక సోమవారం చీకటుండగానే బయల్దేరి నడిచిపోయేవాళ్ళం. నడిచేవాళ్ళ గొంతులు ముందూ వెనకా వినపడేవి. ఎవరి తొందర వాళ్ళది కాదు, అందరిదీ ఒకటే నడక. ముసలివాళ్ళు ముందు, వాళ్ళకి దారి వదిలి కుర్రాళ్ళు వెనక.

ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆడటం లేదు. 2025 నవంబరు 1, కార్తీక ఏకాదశి శనివారం, పలాస పక్కన కాశీబుగ్గలో వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర తొక్కిసలాట జరిగి మా వైపు ఆడవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దీపం పెట్టుకుందామని బయల్దేరినవాళ్ళు. గుడి కొత్తది, పేరు ఒక్కసారిగా పాకింది, అందరూ ఒకే రోజు ఒకే గుమ్మం దగ్గరికి చేరారు. జనం వస్తారని తెలిసి ఏర్పాట్లు చేయకపోవడం తప్పే, ఆ తప్పు ఎవరిదో తేల్చడానికి చట్టం ఉంది. నేను అడిగేది ఇంకొకటి. ఉద్దానంలో శివుడు లేని ఊరుందా? విష్ణువు లేని ఊరుందా? బారువలో కోటిలింగేశ్వరుడున్నాడు, మందసలో రాతితో చెక్కిన వాసుదేవ పెరుమాళ్ కోవెల ఉంది. మా రోజుల్లో ఎవరి ఊరి గుడికి వాళ్ళు వెళ్ళేవారు, ఏడాదికొకసారి పెద్ద క్షేత్రానికి పోయేవారు. ఇప్పుడు ఫోన్లో ఎవరో ఒక గుడి పేరు చెబితే అంతా అక్కడికే. మిగతా గుళ్ళలో దీపం పెట్టే దిక్కు లేదు.

గుళ్ళ సంగతి అలా ఉంచండి. నౌపడకు దగ్గర్లోనే తేలినీలాపురం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి వాలతాయి. ఊరి మధ్యలో, ఇళ్ళ పెరళ్ళలో, చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. వేసవి ముదిరేలోపు పిల్లల్ని పెంచుకుని ఎగిరిపోతాయి. అవి వస్తే ఊరికి మంచిదని ఆ ఊరివాళ్ళ నమ్మకం. పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. మా మనవడిని ఒకసారి తీసుకెళ్ళాను. ఉదయం ఏడింటికే చెట్టు కింద నిలబడ్డాం. తల్లి గూడబాతు రెక్కలు విప్పి వచ్చి కొమ్మ మీద వాలింది. దాని గొంతు కింద సంచి వేలాడుతోంది. పిల్ల లేచి, తల మొత్తం, మెడ దాకా, ఆ సంచిలోకి దూర్చేసింది. లోపల చేపలు. తల్లి ఊగిపోతోంది, పిల్ల వదలడం లేదు. అవతలి కొమ్మ మీద కొంగ తోక దగ్గర గులాబీరంగు ఈకలు ఎండలో మెరుస్తున్నాయి. చెట్టంతా ముక్కుల చప్పుడు, కింద నేలంతా రెట్టల తెలుపు, ఎండుచేపల వాసన. వాడు అరగంట నోరెత్తలేదు. ఫోన్ తీయడం కూడా మర్చిపోయాడు.

ఇంతకుముందు వీడే నన్ను అడిగాడు, "తాతా, ఇక్కడ చూడ్డానికి ఏముంది? వైజాగ్ పోదాం" అని. "ఏటుందంటావేట్రా? ఏటి లేదో సెప్పు ముందు" అన్నాను. ఆ రోజు ఇంటికొస్తూ దారి పొడుగునా వాడే ప్రశ్నలు.

ఆ పక్షులు ఉట్టినే రావు. నౌపడ చిత్తడి, కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేల, ఆ నీళ్ళలోని చేపలు, అవి ఉన్నాయి కాబట్టి వస్తాయి. ఆ తంపర నేలలో థర్మల్ కేంద్రం కడతామంటే ఇక్కడి రైతులు, మత్స్యకారులు అడ్డం నిలబడ్డారు. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్రలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అంతకుముందు 2010 జులై 14న సోంపేట బీల చిత్తడి నేలల కోసమూ అదే జరిగింది. చెట్టు మీది గూడబాతును చూసి మురిసిపోయేవాళ్ళకు ఈ సంగతి కూడా తెలియాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా కొబ్బరితోటలు, జీడితోటలు నేలమట్టమయ్యాయి, ఆ గూళ్ళున్న చెట్లూ పడిపోయాయి. పక్షులు మళ్ళీ వచ్చాయి. చూడవలసిన మనుషులే రావడం లేదు.

నౌపడ ఉప్పుమడుల దగ్గర ఆగి చూసినవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు. పోర్టు రోడ్డు మీద కార్లు ఆపి ఒక ఫోటో తీసుకుంటారు, అంతే. ఉప్పు ఎలా వస్తుందో చూడటానికి పనివాళ్ళతో పాటు తెల్లారక ముందే దిగాలి. మడి అడుగు బురదను కాళ్ళతో తొక్కి తొక్కి గచ్చులా చేస్తారు. ఉప్పునీరు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి పోతూ ఎండకు చిక్కబడుతుంది. ఆఖరి మడిలో ముందు పైన మీగడలా పల్చటి తెట్టు కడుతుంది, అది విరిగి అడుగుకి దిగుతుంది. పొడుగు కర్రకు బిగించిన పలకతో దాన్ని మెల్లగా గట్టుకి లాగుతారు. గట్టిగా లాగితే బురద కలుస్తుంది, ఉప్పు నల్లబడుతుంది. ఆ ఒడుపు ఏళ్ళ తరబడి చేస్తే గాని రాదు. కుప్ప మీద తాటాకు కప్పుతారు. మడిలో పనిచేసే ఒకావిడ నాతో అంది, "ఎండుంటేనే మాకు కూడు బాబూ. మబ్బేసిందా, పస్తే." గాంధీగారు దండిలో ఉప్పు తీసిన 1930లోనే ఈ నౌపడలోనూ సత్యాగ్రహం జరిగింది. దండి చూడటానికి గుజరాత్ పోయివచ్చిన మాస్టర్లు నాకు తెలుసు. వాళ్ళ బళ్ళోంచి నౌపడ మడులకు సైకిలు మీద పోవచ్చు.

మందస గురించి కోవా కోసం తప్ప ఎవరూ మాట్లాడరు. మందసలో కోవా మంచిదే, నేనూ తింటాను. అక్కడి నుంచి గుడారి రాజమణిపురం ఎంత దూరమో అడిగి వెళ్ళండి. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. అది ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీ అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం నిలబడ్డ రైతుల్ని పట్టుకుపోవడానికి పోలీసులు ఆ ఊరికి వచ్చారు. సాసుమాన గున్నమ్మ, నిండు గర్భిణి, వాళ్ళకి అడ్డం నిలబడింది. తుపాకీ గుండుకు పడిపోయింది. వీరగున్నమ్మ అని మా అమ్మమ్మల తరం ఆమె మీద పాటలు పాడుకునేది. ఇప్పుడు పలాసలో బస్సు దిగిన కుర్రాడిని ఆవిడ ఎవరని అడిగితే సినిమా పేరా అంటాడు. ఆ జవాబు విన్నరోజు నాకు అన్నం సయించలేదు. తప్పు వాడిది కాదు. బళ్ళో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, ఆ ఊరి దారిలో ఆమె పేరున్న బోర్డు వాడి కంట పడలేదు.

మందస వెనకాల మహేంద్రగిరి. కొండ ఒడిశాలో ఉంది, ఎత్తు 1,501 మీటర్లు. గాంగ రాజులు కొలిచిన గోకర్ణేశ్వరుడు ఆ కొండ మీదివాడే. శివరాత్రికి మా వాళ్ళు మూటలు కట్టుకుని అడవిలోంచి నడిచి ఎక్కేవారు, మంచులో జాగారం చేసేవారు. బారువ గురించి ఒక్క మాట. ఒకప్పటి రేవు, దీపస్తంభం, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు, చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్ళు. ఈ మధ్య అక్కడికి జనం కాస్త వస్తున్నారు. వచ్చినవాళ్ళు ప్లాస్టిక్ సంచులు ఒడ్డున వదిలి పోతున్నారు. తాబేలు పిల్ల ఆ సంచిని దాటలేదు. అది మాత్రం మానండి.

బయటివాళ్ళను ఒక్కళ్ళనే ఎందుకు అనాలి. ఉద్దానం అనగానే పేపర్లవాళ్ళకి కిడ్నీ జబ్బు తప్ప ఇంకొకటి గుర్తు రాదు. జబ్బు నిజమే. మా ఇళ్ళలో మనుషుల్ని పోగొట్టుకున్నాం. 2023 డిసెంబరులో పలాసలో దానికి ఆసుపత్రి తెరిచారు, ఇంటింటికీ వంశధార నీళ్ళు తెచ్చే పథకమూ వచ్చింది. కానీ జబ్బు పేరు తప్ప ఇంకో పేరు లేకుండా ఒక నేలను చేసేస్తే అక్కడి పిల్లలు తల ఎత్తుకుని ఎలా తిరుగుతారు? హైదరాబాదులో మా పిల్లలు ఊరి పేరు అడిగితే శ్రీకాకుళం అని ఊరుకుంటారు. మూలపేట అనరు, తేలినీలాపురం అనరు.

మన అధికారుల పని కూడా చూశాను. ఎక్కడో ఒకచోట ఒక బోర్డు పెడతారు, ఎండకు అక్షరాలు పోతాయి, మళ్ళీ రాయరు. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండదు. తాగడానికి నీళ్ళుండవు. ఒక పూట భోజనం పెట్టే పూటకూళ్ళమ్మలు మా చిన్నప్పుడు టెక్కలిలో ఉండేవారు. పనసకాయ కూర, మెట్ట వంకాయ, చేపల పులుసు ఆకులో వడ్డించేవారు. ఇప్పుడు హైవే పక్కన హోటళ్ళలో ఎక్కడైనా దొరికే పనీరు, నూడుల్సే. ఉద్దానం వచ్చి పనసకాయ కూర తినకుండా పోతే ఏం చూసినట్టు? తేలినీలాపురంలో నలుగురు కుర్రాళ్ళకు పక్షుల పేర్లు, అలవాట్లు నేర్పి, వచ్చినవాళ్ళకు చూపించే పని అప్పగిస్తే వాళ్ళు వలసపోకుండా అక్కడే బతుకుతారు. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు.

కోట్ల పని మా ఊళ్ళోనే జరుగుతోంది. 2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకి శంకుస్థాపన అయింది. మూలపేట, విష్ణుచక్రం వాళ్ళలో చాలామంది నేల ఇచ్చారు, ఇళ్ళు వదిలారు, వాళ్ళకి నౌపడలో కాలనీ కట్టారు. పోర్టు వద్దని నేను అనను. మా వాళ్ళు వేటకు గుజరాత్ రేవులకీ, కూలికి చెన్నైకీ పోయి నలిగినవాళ్ళు. ఇంటి దగ్గర పని దొరికితే అంతకన్నా కావలసిందేముంది. కానీ సరుగుడు తోటల్లోంచి సముద్రానికి పోయే ఆ ఇసుక దారి, మొగలిపొదల వాసన, ఒడ్డుకొచ్చిన తెప్ప చుట్టూ మూగే ఆడవాళ్ళ కేకలు, పంచుకునేటప్పటి తగువులు, ఇవి రోజురోజుకీ వెనక్కి పోతున్నాయి. వాటిని చూసినవాళ్ళు కొందరైనా ఉండాలి. పోర్టువారికి, ప్రభుత్వానికి నేను అడిగేది రెండే: తంపరలోకి నీరు పోయే దారులు మూయకండి, ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళ పొట్ట కొట్టకండి.

చదివేవాళ్ళకు ఒక విన్నపం. అరసవల్లి దర్శనం చేసుకోండి, తప్పకుండా చేసుకోండి. ఆ సాయంత్రం తిరిగిపోకండి. టెక్కలిలో ఉండండి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు రండి, పిల్లల్ని తీసుకురండి. తెల్లవారుతుంటే తేలినీలాపురం చెట్ల కింద ఉండాలి, ఎండ ఎక్కాక రావివలస, మర్నాడు శాలిహుండం. ఉప్పు తీయడం చూడాలంటే వేసవిలో మళ్ళీ ఒకసారి రావాలి. తోవ తెలియకపోతే ఫోన్ని అడగకండి, బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు కూర్చున్న ముసలాయన్ని అడగండి. దగ్గరుండి ఆటో ఎక్కిస్తాడు. మూలపేటలో సముద్రం దాకా పోయే దారి ఇప్పటికింకా ఉంది. అది ఉండగానే రండి.